డీన్ గారి మీద సర్వే

మార్చి 3, సోమవారం

ఈ డైరీ నాకోసం మాత్రమే రాసుకుంటున్నాను. రేపు ఎవరైనా చదివితే నన్ను అపార్థం చేసుకోకూడదు, అందుకని.

వీసీ గారు ఇవాళ పిలిచి టీ ఇచ్చారు. ఆయన టీ ఇచ్చారంటే మనతో పని పడిందని అర్థం. బిస్కెట్లు కూడా వచ్చాయంటే ఆ పని మంచిది కాదని అర్థం. ఇవాళ రెండు రకాల బిస్కెట్లు వచ్చాయి.

విషయం ఇదీ. పేటలో సైకిల్ షాపు పైన మా కౌన్సెలింగ్ కేంద్రం నడుస్తున్న రెండు గదులూ ఖాళీ చేయాలి. భవనం యూనివర్సిటీది. దాన్ని పడగొట్టి అతిథిగృహం కడతారట. కేంద్రాన్ని క్యాంపస్‌లో, పరిపాలనా భవనం వెనక హాలుకి మారుస్తారట. "విశాలంగా ఉంటుంది, ఏసీ ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళ కిందట మీరే పెట్టిన కేంద్రం కదా, ఉత్తర్వు మీ సంతకంతో వెళితే గౌరవంగా ఉంటుంది," అన్నారు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, జూన్‌లో తాను దిగిపోతున్నాననీ, తన తర్వాత ఎవరైతే బాగుంటుందో కమిటీ తననే అడుగుతుందనీ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.

నేను వెంటనే ఒప్పేసుకోలేదు. "ముందు పేటవాళ్ళని అడగాలి సార్," అన్నాను. జీవితమంతా నేను చెప్పిన పాఠం అదే. కమ్యూనిటీ సైకాలజీ అంటే ఒక మనిషిని గదిలో కూర్చోబెట్టి నీ బాధేమిటని అడగడం కాదు, వీధిలోకి వెళ్ళి మీ అందరికీ ఏం కావాలని అడగడం.

"తప్పకుండా అడగండి. నెలాఖరుకి సంతకం పెట్టండి," అన్నారు వీసీ గారు.

సాయంత్రం మా ఆవిడ మెడికల్ షాపుకి వెళ్ళి చెప్పాను. ఎవరేం చెప్పినా ఆవిడ ముందు లక్షణాలు అడుగుతుంది.

"వీసీ అవ్వాలనుందా?"

"లేదు."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది."

"అయితే సంతకం పెట్టేటట్టే ఉన్నారు," అని పక్కనున్నాయన మందుల చీటీ అందుకుంది.

మార్చి 4

వీసీ పదవి మీద నాకు ఎలాంటి ఆశా లేదు.

మార్చి 5

వీసీ గారి గదిలో కర్టెన్లు మరీ ముదురు రంగు. ఎవరొచ్చినా ముందు వాటిని మార్చాలి.

మార్చి 6, గురువారం

కేంద్రంలో గురువారం మీటింగుకి వెళ్ళాను. డీన్ కుర్చీలో కూర్చున్న ఈ ఏడాదిన్నరలో వెళ్ళడం కుదరలేదు. పని ఒత్తిడి. అక్కడ కుర్చీలు గుండ్రంగా వేస్తారు. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదు. ఆ నియమం నేను పెట్టిందే. ఇవాళ కొంచెం ఇబ్బంది పెట్టింది. నేను ముందే మాట్లాడేసి, తర్వాత గంటంబావు నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

దర్జీ అక్క ఇప్పుడు నివాసుల సంఘానికి అధ్యక్షురాలు. ఇరవయ్యేళ్ళ కిందట అత్తగారితో పడలేక ఏడుస్తూ వచ్చిన మనిషి. నేనే సర్వే చేయడం నేర్పాను. ప్రశ్నలోనే జవాబు పెట్టకు, ఒక ప్రశ్నలో రెండు అడగకు, 'ఏదీ కాదు' అనేవాడికి కూడా ఒక గడి ఉంచు, రాసింది అవతలివాళ్ళకి చూపించి ఒప్పించాకే బయటపెట్టు. పేటలో కుళాయి నీళ్ళ మీద, వీధి దీపాల మీద, బడి మానేసిన పిల్లల మీద అన్ని సర్వేలూ ఆవిడే చేసింది. నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళకి కూడా అంత శుభ్రంగా చేయడం రాదు. ఆ పక్కన రిటైరైన పోస్ట్‌మాన్ బాబాయ్. డెబ్బై నాలుగేళ్ళు. పేటలో ప్రతి గుమ్మమూ ఆయనకి తెలుసు.

ఒక చిన్న అభిప్రాయ సేకరణ జరుగుతుందనీ, ఫారాలు వస్తాయనీ చెప్పాను. భవనం పడగొట్టే సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. చెబితే జవాబులు ప్రభావితమవుతాయి. ఇది పూర్తిగా శాస్త్రీయమైన జాగ్రత్త.

మార్చి 10

ఫారం తయారైంది. నా మొదటి మూడు ప్రశ్నలు:

ఒకటి: మరింత విశాలమైన, చల్లని, అందమైన కేంద్రం మీకు కావాలా?

రెండు: క్యాంపస్ వాతావరణం ప్రశాంతంగా ఉంటుందని ఎంత గట్టిగా నమ్ముతున్నారు? కొంచెం, బాగా, చాలా బాగా.

మూడు: పాత గదులు వదిలి మారడం మంచిదని మీరూ, మీ కుటుంబ సభ్యులూ అనుకుంటున్నారా?

మా పీఏ గారు టైపు చేస్తూ ఆగారు. "సార్, ఒకటో ప్రశ్నకి వద్దు అనేవాళ్ళుంటారా?"

"అదే కదండీ తెలుసుకోవాలి," అన్నాను.

ఆయన అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పాతికేళ్ళుగా నలుగురు డీన్ల దగ్గర పనిచేసిన మనిషి. ఆయన అద్దాలు తుడుచుకుంటే నాకెందుకో మా హైస్కూలు హెడ్మాస్టరు గుర్తొస్తాడు.

మార్చి 14

నూట యాభై ఫారాలు పంపితే నూట యాభయ్యీ తిరిగొచ్చాయి. ఇలా నా సర్వీసులో ఎన్నడూ జరగలేదు. సంబరపడి కట్ట విప్పాను.

చాలావాటి మీద ఎర్రసిరా.

ఒకటో ప్రశ్న పక్కన: "ప్రశ్నలోనే జవాబుంది." రెండో ప్రశ్న పక్కన: "నమ్మడం లేదు అనే గడి ఏది?" మూడో ప్రశ్న పక్కన: "ఇవి రెండు ప్రశ్నలు. నా సంగతి నేను చెప్తాను. మా ఆయన సంగతి ఆయన్ని అడగండి." కట్ట మీద దర్జీ అక్క చీటీ: "మాస్టారూ, పదికి మూడు. మళ్ళీ రాసి పంపితే మళ్ళీ నింపుతాం. అక్షరాలు మాత్రం పెద్దగా, చదవడానికి వీలుగా ఉన్నాయి."

ఆ చీటీ పీఏ గారు నాకన్నా ముందే చదివారు. కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నారు.

అయినా లెక్క లెక్కే. ఒకటో ప్రశ్నకి నూట నలభై ఒక్కమంది 'అవును' అన్నారు. పేట మారాలనే కోరుకుంటోంది. కళ్ళముందున్న సాక్ష్యాన్ని నేను కాదనలేను కదా.

"వెనక పేజీలో కూడా రాశారు సార్, చాలామంది," అన్నారు పీఏ గారు.

"వెనక పేజీలో నేను ప్రశ్న పెట్టలేదు. ప్రశ్న లేనిచోట రాసింది లెక్కలోకి రాదు," అన్నాను. పరిశోధనలో క్రమశిక్షణ ముఖ్యం.

మార్చి 15

దర్జీ అక్క ఫోన్ చేసింది. "మాస్టారూ, మీ మీద ఒక సర్వే చెయ్యాలనుకుంటున్నాం. ఓ గంట టైమిస్తారా?"

ఇస్తానన్నాను. కేంద్రానికి పాతికేళ్ళు నిండబోతున్నాయి, ప్రత్యేక సంచిక ఏదో వేస్తున్నట్టున్నారు. నా చిన్ననాటి ఫోటో ఒకటి వెతికి ఉంచమని మా ఆవిడకి చెప్పాను.

మార్చి 18

ప్రత్యేక సంచిక కాదు.

దర్జీ అక్కా, పోస్ట్‌మాన్ బాబాయ్ నా గదికి వచ్చారు. నా బల్లకి అవతల కూర్చోలేదు. నన్నే ఇవతలికి రమ్మని, మూడు కుర్చీలు గుండ్రంగా వేశారు. బాబాయ్ చేతి గడియారం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. అక్క కాగితం తీసి చదివింది.

"ఇందులో పాల్గొనడం మీ ఇష్టం. మధ్యలో ఎప్పుడైనా మానెయ్యొచ్చు. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకపోవచ్చు. మీ పేరు బయటికి రాదు."

"యూనివర్సిటీలో నాలాంటి డీన్ ఒక్కడే ఉన్నాడు కదమ్మా, పేరు రాకపోతే మాత్రం..." అని నవ్వాను. వాళ్ళు నవ్వలేదు. నవ్వితే జవాబులు ప్రభావితమవుతాయి. అదీ నేను నేర్పిందే.

"ఒకటో ప్రశ్న. యూనివర్సిటీ మనుషులు టేపు పట్టుకొచ్చి సైకిల్ షాపు కొలుచుకుపోయారు. మమ్మల్ని క్యాంపస్‌కి మార్చే నిర్ణయం ఎప్పుడు జరిగింది? మమ్మల్ని అడక్కముందా, అడిగాకా?"

చాలా సూటిగా జవాబిచ్చాను. నిర్ణయం అనేది ఒక ప్రక్రియ అనీ, అది ఒక తేదీన జరిగేది కాదనీ చెప్పాను.

ఇలా పద్నాలుగు ప్రశ్నలు. క్యాంపస్ గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు కదా, పేటలో కార్డు లేనివాళ్ళు ఎలా వస్తారు? మొగుడు కొట్టాడని చెప్పుకోవడానికి వచ్చే మనిషి పరిపాలనా భవనం ముందునుంచి నడిచి వస్తుందా? కోపం రాకుండా అడిగింది. అదే నాకు కష్టంగా ఉంది. తిట్టి ఉంటే ఎలా మాట్లాడాలో నాకు తెలుసు.

చివర్లో, "మీరు మమ్మల్ని ఏమన్నా అడగాలనుకుంటున్నారా?" అంది.

"లేదు," అన్నాను. నాలుగింటికి పార్కింగ్ కమిటీ ఉంది.

మొత్తమ్మీద నేను బాగా మాట్లాడాననే అనుకుంటున్నాను.

మార్చి 21

వాళ్ళ నివేదిక చిత్తుప్రతి వచ్చింది. నాలుగు పేజీలు. చదివి సరిగ్గా ఉందని సంతకం పెట్టాలి, లేదా అభ్యంతరం రాసి పంపాలి.

"అడిగిన ప్రశ్నలు పద్నాలుగు. అవును, కాదు అని తేలే జవాబులు రెండు. ఒకటి, ఫ్యాను వెయ్యమంటారా అన్నదానికి. రెండోది, మమ్మల్ని ఏమన్నా అడుగుతారా అన్నదానికి. 'పరిశీలిస్తాం' అన్న మాట పంతొమ్మిదిసార్లు. అన్నిటికన్నా పెద్ద మౌనం డెబ్బై సెకన్లు. అప్పుడు అడిగిన ప్రశ్న: ఇందులో మీకేమైనా లాభం ఉందా?"

ఇవన్నీ భరించాను. మూడో పేజీలో నా మాటంటూ ఒకటి కొటేషన్ గుర్తుల మధ్య వేశారు. "నేనొక్కడినే నిర్ణయిస్తే తప్పు నాదవుతుంది. అందరినీ అడిగితే ఎవరిదీ కాదు."

నేనలా అనలేదు. ఇది పూర్తిగా వక్రీకరణ.

మా ఆవిడకి చూపించాను, సానుభూతి దొరుకుతుందని.

"మీరన్నట్టే ఉంది," అంది.

"నేనెప్పుడన్నాను అలా?"

"మన అమ్మాయికి పేరు పెట్టేటప్పుడు. చుట్టాలందరికీ ఫారాలు పంపారు, గుర్తులేదా? ఎనిమిది నెలలు పిల్లని 'పాప' అనే పిలిచాం. చివరికి నేనే పెట్టేశాను. మీరు అప్పటికింకా మా మేనత్తగారి ఫారం కోసం ఎదురుచూస్తున్నారు."

"పేరు బాగుందనే అన్నాను కదా!"

"అన్నారు. బాగోకపోతే నాదే తప్పయ్యేది," అంది.

మార్చి 22

నేనలా అనలేదు.

మార్చి 23

అన్నానేమో. సందర్భం వేరు.

మార్చి 24

అన్నాను.

మార్చి 27, గురువారం

ఉత్తర్వు టైపు చేయించి, సంతకం చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టించి, వీసీ గారే పంపారు. పీఏ గారు దాన్ని నా ముందు పెట్టి పక్కకి జరిగారు. నివేదిక కూడా బల్లమీదే ఉంది. అదీ నా సంతకం కోసమే.

ఆ రెండు గదులకి సున్నం నేనే వేశాను. కుర్చీలు ఒక్కొక్కటే భుజాన మోసుకెళ్ళాను. ముప్పై నాలుగేళ్ళ వయసు. నాకప్పుడు ఏ కమిటీలోనూ చోటు లేదు. ఆ ఏడాది ఉన్నంత ఉత్సాహం మళ్ళీ ఎప్పుడూ లేదు. వాళ్ళని ఆ గదుల్లోంచి వెళ్ళగొట్టే సంతకం పెట్టడానికి బిస్కెట్లు తిన్నానే అనుకుంటే సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుంటుంటే పీఏ గారు మర్యాదగా గోడ మీద క్యాలెండర్ చూశారు.

ఎవరినీ అడగలేదు. ఫారం పంపలేదు, కమిటీ వెయ్యలేదు. ముందు నివేదిక మీద 'సరిగ్గానే ఉంది' అని సంతకం పెట్టాను. తర్వాత కొత్త కాగితం తీసుకుని నా చేతిరాతతో రాశాను: "కేంద్రం ప్రస్తుతం ఉన్న రెండు గదుల్లోనే, ఎలాంటి మార్పూ లేకుండా కొనసాగుతుంది. దాన్ని మరెక్కడికీ తరలించరాదు." పేట కేంద్రాల విషయంలో డీన్ సంతకమే ఆఖరుది. రద్దు చేయాలంటే పాలకమండలి కూర్చోవాలి. అది మళ్ళీ కూర్చునేది డిసెంబర్‌లో.

"సార్, ఒకసారి వాళ్ళతో..." అని ఏదో అనబోయారు పీఏ గారు.

"అడగడాలు అయిపోయాయండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మార్చి 28

వీసీ గారు పిలిచారు. టీ లేదు. నెలాఖరుతో డీన్ బాధ్యతల నుంచి నన్ను తప్పిస్తున్నారు. "మీరు పాఠాలు చెప్పడంలోనే రాణిస్తారని నాకెప్పుడూ అనిపించేది," అన్నారు.

కర్టెన్లు నిజానికి అంత ముదురు రంగేం కాదు.

మార్చి 31

గది ఖాళీ చేశాను. పీఏ గారు సర్వే ఫారాల కట్ట గుడ్డలో చుట్టి చేతికిచ్చి, "ఇవి మీ దగ్గరుంటేనే మంచిది సార్," అన్నారు.

వీసీ అవ్వాలని నాకుండేది. చాలా ఉండేది. ఇక్కడ రాసుకుంటే నష్టం లేదు కాబట్టి రాస్తున్నాను. అయినా మనసు తేలిగ్గా ఉంది. మా ఆవిడ, "నిద్ర పట్టిందా?" అని కూడా అడగలేదు. పట్టిందని మొహం చూస్తేనే తెలుస్తోందట.

గురువారం మీటింగులో వాళ్ళు చప్పట్లు కొడితే రెండు ముక్కలు మాట్లాడాలి. నాదేం లేదు, ఇదంతా మీ విజయం అనాలి. మరీ పొడిగించకూడదు.

ఏప్రిల్ 3, గురువారం

చప్పట్లు కొట్టలేదు.

ఉత్తర్వు కాపీ తీసుకెళ్ళి గట్టిగా చదివాను. గదిలో ఎవరూ కదల్లేదు. ఉద్వేగం అనుకున్నాను. దర్జీ అక్క ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకుంది.

"దీని గురించి మమ్మల్ని అడిగారా మాస్టారూ?"

"అడగడమేమిటి? మీకోసమే కదా! నా పదవే పోయింది!"

"అయ్యో, పదవి పోవడం బాధే. కానీ మేం ఇక్కణ్ణుంచి వెళ్ళిపోదామనే అనుకుంటున్నాం కదా."

వాళ్ళు ఒక్కొక్కరే, వరసగా, నియమం తప్పకుండా చెప్పారు. బస్టాపు దగ్గర పేట లైబ్రరీలో కింది అంతస్తులో ఒక పెద్దగది ఖాళీగా ఉంది. లైబ్రేరియన్‌తో ఆరునెలలు మాట్లాడి ఒప్పించారు. జూన్‌లో మారాలి. కార్డు అడిగే గేటు ఉండదు, ఎక్కాల్సిన మెట్లు ఉండవు. కావాల్సిందల్లా తరలించుకోమని యూనివర్సిటీ ఒక్క ముక్క రాసివ్వడమే. ఆ ముక్క రాయడానికి వీల్లేకుండా డిసెంబర్ దాకా తాళం వేసి తాళంచెవి పారేసినవాణ్ణి నేను.

"నాకు చెప్పొచ్చు కదా!" అన్నాను. నా వంతు కాదు. అయినా అనేశాను.

"నూట ముప్పై మూడుమందిమి ఫారం వెనక రాశాం మాస్టారూ. మీరు చదివే ఉంటారనుకున్నాం. ఆ రోజు మీ గదిలో కూడా, మీరేమన్నా అడుగుతారా అన్నాను. మీకేం కావాలి అంటారేమోనని చివర ఐదు నిమిషాలు ఉంచాం. మీరు లేదన్నారు."

చివరికి అందరూ ఒక్కొక్కరే వచ్చి నన్ను ఓదార్చి వెళ్ళారు. తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా ఓదార్చే వెళ్ళారు. ఓదార్చడం కూడా అక్కడే నేర్చుకున్నారు.

ఏప్రిల్ 4

వెనక పేజీలు చదివాను. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా.

"మెట్లు." ఒక్కటే మాట, అంతే.

"గదులు మంచివే. ఎక్కడమే కష్టం."

"మా అమ్మ మూడేళ్ళుగా రావడం మానేసింది. ఎందుకు రావట్లేదని ఒక్కరూ అడగలేదు."

"చంకలో పిల్ల, చేతిలో సంచి. కిందనుంచే తిరిగి వెళ్ళిపోయాను."

"లైబ్రరీ గది చూశారా మాస్టారూ? ఎండ బాగా వస్తుంది."

మా ఆవిడ భోజనానికి వచ్చి, నా వెనక నిలబడి కొన్ని చదివింది. "మీ పేటకి మోకాళ్ళ నొప్పుల మందు నేనెంత పంపుతానో తెలుసా?" అంది.

"నాకెప్పుడూ చెప్పలేదు."

"మీరెప్పుడూ అడగలేదు," అని, నా మొహం చూసి జాలిపడి, పక్కనే కూర్చుని మిగతావి తనే చదివి వినిపించింది.

ఏప్రిల్ 8

ఉత్తర్వు మార్చే సంగతి పాలకమండలి ముందు పెట్టమని కొత్త డీన్‌కి సంఘం తరఫున అర్జీ రాశాను. కొత్త డీన్ ఒకప్పుడు నా విద్యార్థే. సాయంత్రానికల్లా జవాబొచ్చింది: "మీ అర్జీ పరిశీలనలో ఉంది." వాక్యం నాదే. పీఏ గారు ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

దర్జీ అక్కకి చూపిస్తే, "పర్లేదు మాస్టారూ, వారానికొకటి రాయండి. మీకిప్పుడు తీరికే కదా," అంది. డిసెంబర్ దాకా అది నా పని అని మీటింగులో తీర్మానించారట. నన్ను అడగలేదు. అడగమనే మొహం నాకు లేదు.

ఏప్రిల్ 10, గురువారం

బస్సు ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి పోస్ట్‌మాన్ బాబాయ్ మెట్ల దగ్గర ఉన్నారు. ఎప్పుడూ అందరికన్నా ముందే వచ్చి పైన కూర్చునేవాణ్ణి. తలుపులోంచి వాళ్ళు లోపలికి రావడమే చూసేవాణ్ణి. వచ్చేసరికి నవ్వుతూ ఉండేవాళ్ళు. కింద ఏం జరిగేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

బాబాయ్ ఒక కాలు పైమెట్టు మీద పెట్టి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, రెండో కాలు లాక్కుంటారు. ఆగుతారు. తర్వాత ఇంకో మెట్టు. ఇరవై మూడు మెట్లు. ముప్పై ఎనిమిదేళ్ళు ఉత్తరాలు మోసిన కాళ్ళు అవి. వాటిని పట్టుకుని దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే ఆయన పడిపోతారని ఊరుకున్నాను.

సగం ఎక్కాక ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు. నేనూ పక్కనే కూర్చున్నాను.

"మీరెళ్ళండి మాస్టారూ. మీటింగు మొదలెట్టేస్తారు."

"మొదలెట్టనివ్వండి," అన్నాను. నా చేతిలో కాగితం లేదు, పెన్ను లేదు. "బాబాయ్, అసలు మీకేం కావాలి? ఇప్పుడు, ఇక్కడ. చెప్పండి."

ఆయన గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి ఎత్తి నన్ను ఆపారు.

"ముందు ఓ నిమిషం మాట్లాడకండి మాస్టారూ. ఊపిరి తీసుకోనివ్వండి."

మాట్లాడలేదు. నిమిషం అయింది, రెండు అయ్యాయి. సైకిల్ షాపులో ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు. బాబాయ్ ఊపిరి నెమ్మదించాక కళ్ళు తెరిచి, నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. మీటింగుకి ఇద్దరం ఆలస్యంగానే వెళ్ళాం.